చివరి ఊరి వంతు

రాజధాని బిష్కెక్‌లోని ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని ఎసెన్‌కుల్ వసంతం నుంచీ కాచుక్కూర్చున్నాడు. రాకేం చేస్తుంది? బత్కెన్ కాలువ తూములను నడిపే ప్రోగ్రాంలో ఆయన ఏళ్ల తరబడి రాసిపెట్టిన పాత కోడ్ లైబ్రరీని కొత్త మేనేజరు బురుల్ అందరి ముందూ "చెత్త" అని తీసేయించింది. ఆయన మారుమాట్లాడకుండా కల్పక్ టోపీ నెత్తిన పెట్టుకుని ఉద్యోగం వదిలి వచ్చేశాడు. ఆ లైబ్రరీ లేకపోతే ప్రోగ్రాం మొరాయిస్తుంది, కాళ్లబేరానికి వస్తారు అనుకున్నాడు. వారం గడిచినా ఎవరూ పిలవకపోతే, దాని బదులు ఏదో అతికించి నడిపేస్తున్నారేమోనని అనుమానం వచ్చింది. వచ్చినా బెట్టు వీడలేదు.

ఫోన్ జులైలో మోగింది. అవతల బురుల్.

"అన్నా, ఏట్లో నీళ్లు తగ్గాయి. కాలువ చివరి ఊరికి చుక్క అందట్లేదు. ఆ లైబ్రరీ మీ దగ్గరుందా?"

"చెత్తబుట్టలో వెతికావా, అమ్మాయ్?"

"తిట్టండి, పడతాను. ముందు రండన్నా!"

పాత డిస్కు జేబులో వేసుకుని పొంగిపోతూ వెళ్లాడు. తెర చూశాక ఆ పొంగంతా చల్లారింది. లైబ్రరీ ఉండాల్సిన చోట బురుల్ చిన్న కోడ్ ముక్క అతికించింది: నీళ్లెన్నున్నా అన్ని ఊళ్లకూ సమానం. నీళ్లు తగ్గితే చివరి ఊరికి ముందు వదలాలన్న లెక్క గల్లంతు. చివరి ఊరి వంతుకు వదిలిన ఆ కాస్త నీటినీ దారిలో నేలే తాగేసింది.

"ఎర్రర్ ఒక్కటీ రాలేదన్నా, అందుకే తెలియలేదు." అంది బురుల్. "మీరైనా ఒక్క ముక్క చెప్పాల్సింది."

జులైలో ఏరు చిక్కిపోతుందని ఆయనకు తెలియదా? పాడు పౌరుషం! దానికి పోయి నోరు కుట్టేసుకున్నాడు.

లైబ్రరీని మళ్లీ దాని చోట పెట్టాడు. కొత్త టూల్స్‌తో పొసగని చోట్ల సర్ది, ప్రోగ్రాంను మళ్లీ తయారుచేసి నడిపించాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతోటి పనికి ఇన్నాళ్లా అని ఆయన తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు చివరి ఊళ్లో నీళ్లు పంచే నీరుగంటి, పాత స్నేహితుడు మామత్ ఫోన్ చేశాడు.

"ఒరే ఎసెన్! నీళ్లొచ్చాయిరా! మళ్లీ నువ్వే చూస్తున్నావటగా!"

"తోట ఎలా ఉందిరా?"

"ముసలి చెట్లు బతుకుతాయి. మనవరాలు పుట్టిందని పెట్టానే, ఆ ఆప్రికాట్ మొక్కలే... ఒక్కటీ మిగల్లేదు. పోనీలే, నువ్వేం చేస్తావు? ముందే తెలిసుంటే పరిగెత్తుకొచ్చేవాడివి కాదూ!"

ఎసెన్‌కుల్ నెత్తి మీది కల్పక్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అవతల మామత్ ఆయన్ని దీవిస్తూనే ఉన్నాడు.