సీసా మీద పేరు

జోర్డాన్ దేశంలోని సల్త్ ఊళ్ళో మగవాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళ పేర్లు బజార్లో పలకరు. పెద్దకొడుకు అకీల్ పుట్టిన నాటినుంచి ఇంటాయన అబూ అకీల్, అంటే అకీల్ నాన్న; ఇంటావిడ ఉమ్ అకీల్, అకీల్ అమ్మ. అంతకు మించి ఎవరికీ అక్కర్లేదు. చిన్నప్పుడు ఒకడి తల్లి పేరు ఇంకొకడికి తెలిసిందంటే వీధి వీధంతా అదే పాట పాడి ఏడిపించేవాళ్ళు. అలాంటి గొడవలోనే అబూ అకీల్ ఒక పన్ను పోగొట్టుకున్నాడు.

అందుకే కూతురు రిహాబ్ మాట వినగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఉమ్ అకీల్ పక్కనే కూర్చుని, ఉడికించిన బుల్లి వంకాయలు చీల్చి అక్రోటు పప్పు, ఎర్ర మిరప, వెల్లుల్లి కూరుతోంది. వాటిని ఆలివ్ నూనెలో ఊరబెట్టి ఆమె చేసే మక్దూస్ పచ్చడి కోసం రాజధాని అమ్మాన్ నుంచి కార్లలో వస్తారు. దూరపువాళ్ళు ఇంటర్నెట్లో కొనుక్కునేందుకు ఒక చిరునామా కావాలని రిహాబ్ కంప్యూటర్ ముందేసుకుంది.

"అబూ అకీల్ అన్న పేరు పోయింది నాన్నా. జర్కాలో టైర్ల కొట్టాయన ముందే తీసేసుకున్నాడు. ఊరి పేరు పెడదామంటే అదీ ఎవరో పట్టుకుపోయారు."

"అకీల్ అండ్ బ్రదర్స్ అని పెట్టు."

"అన్నయ్యకి వంకాయ తొడిమ తియ్యడం కూడా రాదు. అమ్మ పేరు పెడదాం. వత్ఫా మక్దూస్. అది ఎవరూ తీసుకోలేదు."

"సీసాల మీద అతికిస్తావా? టాక్సీవాళ్ళు కూడా చదువుకోవాలా?"

"చదివితే ఏం పోతుంది?"

ఉమ్ అకీల్ తల ఎత్తకుండానే అంది: "నన్ను మాత్రం అడగరు మీరిద్దరూ."

"సరే, నువ్వేమంటావు?" అన్నాడు అబూ అకీల్.

"మొన్న ఆసుపత్రిలో నర్సు వత్ఫా, వత్ఫా అని అరుస్తుంటే నేనూ చుట్టూ చూశాను, ఎవరీ మహాతల్లి, లేవదేం అని. మా అమ్మ పోయాక నన్నలా పిలిచినవాళ్ళు లేరు మరి. సీసా మీదైనా ఉంటే బాగుంటుందనిపించింది. మీకు సిగ్గయితే మానెయ్యండి."

ఆయన టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"వ్యాపారం లైసెన్సు నీ పేర ఉంది నాన్నా. చిరునామాలిచ్చే ఆఫీసువాళ్ళు నీకే ఫోన్ చేస్తారు. నువ్వు ఏ పేరు చెబితే అదే ఖాయం," అంది రిహాబ్.

మర్నాడు నాయిఫ్ మంగలి కొట్లో, అబూ అకీల్ మొహమంతా సబ్బు నురగతో ఉండగా ఆ ఫోన్ వచ్చింది. చెవి కూడా తడిగా ఉందని నాయిఫే ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. బల్ల మీద వంతు కోసం కూర్చున్న ముగ్గురూ కబుర్లు ఆపేశారు.

"చిరునామా ఏ పేరుతో ఖాయం చెయ్యమంటారు బాబాయ్?" అంది అవతలి అమ్మాయి.

అకీల్ అండ్ బ్రదర్స్ అంటే అయిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పన్ను ఊడిన రోజు ఇంటికెళ్తే తల్లి మెచ్చుకోలేదు, నోరు కడిగి ఊరుకుంది. తన పేరు కోసం దెబ్బలాడమని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ దెబ్బలాటతో కాపాడిన పరువు ఎవరిదో ఆయన ఇన్నేళ్ళూ ఆలోచించనే లేదు.

"వత్ఫా," అన్నాడు.

"వినపడలేదు బాబాయ్, కొంచెం గట్టిగా."

"వత్ఫా! వత్ఫా మక్దూస్!"

కత్తి గాల్లోనే ఆగింది. "ఎవరయ్యా ఈ వత్ఫా?" అన్నాడు నాయిఫ్.

"మా ఇంటావిడ."

బల్ల చివరి ముసలాయన కిసుక్కుమన్నాడు. "ఇంకేం! రేపటినుంచి గాడిదలు తోలేవాళ్ళు కూడా పిలుస్తారు."

"పిలవనీ. వంకాయలు ఆవిడ చేస్తుంటే పేరు మాత్రం నాదెందుకు?"



"ఖాయం చేశాను బాబాయ్," అంది అమ్మాయి. ఫోన్ పెట్టేసింది.

"కదలకు," అన్నాడు నాయిఫ్, రెండో దవడ మీద కత్తి ఆనిస్తూ.

"కదలడం లేదు," అన్నాడు అబూ అకీల్. అద్దంలో బల్ల మీది ముగ్గురి వైపు సూటిగా చూశాడు.