కారును తూర్పుకి తిప్పిన రోజు

నేను ఒక క్యాంబర్ గేజ్‌ని. పేరు వినగానే మొహం చిట్లించకండి. మూరెడు ఇనప పట్టీ, దాని నడుమ గాజు గొట్టం, గొట్టంలో నూనె, నూనెలో ఒక బుడగ. నా ఆస్తంతా ఇంతే. కారు చక్రానికి ఆనించి పెడితే అది నిటారుగా ఉందో, ఒరిగిందో, ఎంత ఒరిగిందో చెబుతాను. ఆ ఒరుగునే క్యాంబర్ అంటారు. రేసు కారు మలుపు తిరిగేటప్పుడు బయటి పక్కకి తూలుతుంది. అందుకని చక్రం తలని ముందే కాస్త లోపలికి వంచి పెడతారు, చంకన నిండు బిందె ఉన్న మనిషి రెండో పక్కకి ఒరిగి నడిచినట్టు. అప్పుడే టైరు రోడ్డుని నిండుగా కరుచుకుంటుంది.

కోయంబత్తూరులో ఒక లేత్ షాపులో పుట్టాను. మొదట నన్ను కొన్న పెద్దమనిషికి రేసుల మోజు మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. ఆ తర్వాత క్యారమ్ బోర్డు సమంగా ఉందో లేదో చూడ్డానికి నన్ను వాడుకున్నాడు. ఆ అవమానం దాటుకుని బెజవాడ ఆటోనగర్లో నాగభూషణం షెడ్డుకి చేరాను. ఆయన నన్ను తన భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు. అంత గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆయన మేనకోడలు హైమ రేసు కార్లు తోలుతుంది. పోయినేడు పోటీలో ఒక పొడవాటి ఎడమ మలుపు దగ్గర ఆమె స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు తిరగలేదు. నేరుగా పోయి అడ్డుగోడకి కొట్టుకుంది. ఆమె చెయ్యి విరిగింది. ఈ ఏడు మళ్లీ అదే ట్రాకు, అదే మలుపు. కారు సిద్ధం చేసేది మళ్లీ మావయ్యే. ఇంకోసారి అలా జరిగితే పిల్ల దక్కదేమోనని ఆయనకి కంటి మీద కునుకు లేదు.

బయలుదేరే రోజు మధ్యాహ్నానికి, కారుని ట్రాకుకి మోసుకెళ్లే లారీ గేటు దగ్గర హారన్ కొడుతోంది. మనిషి బరువుకి కారు కిందికి దిగుతుంది కాబట్టి నాగభూషణం హైమని సీట్లో కూర్చోబెట్టి, నన్ను చక్రాలకి ఆనించి, బోల్టులు తిప్పి తిప్పి చూశాడు.

"రెండు పక్కలా మూడు డిగ్రీలు. కొలిచి పోసినట్టున్నాయే అమ్మడూ!"

నేల వాలుగా ఉంది మహానుభావా! కార్లు కడిగిన నీళ్లు కాలవలోకి పోవాలని మేస్త్రీతో దగ్గరుండి వాలు పెట్టించింది ఆయనే. కారు నేలతోపాటు ఎడమకి ఒరిగి నిలబడింది. ఎడమ చక్రం నిజానికి నాలుగు, కుడి చక్రం రెండే. ఎడమ మలుపులో బరువంతా పడేది కుడి చక్రం మీదే, దానికి ఆ ఒరుగు చాలదు. పోయినేడు కూడా ఇదే నేల, ఇదే కొలత. నాకు తెలుసు, నోరు లేదు.

అంతలో ఆయన భార్య సుశీలమ్మ కొబ్బరికాయ పళ్లెం, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. "కారు మొహం పడమటికి పెట్టి కాయ కొట్టమంటారేంటండీ? పోయినేడూ ఇలాగే తొందరపెట్టారు. తూర్పుకి తిప్పితేగానీ కొట్టను."

సణుక్కుంటూ కారుని బయటికి తీసి, తిప్పి, మళ్లీ అదే చోట పెట్టారు. నాగభూషణానికి చెయ్యి ఊరుకోలేదు. నన్ను ఇంకోసారి ఆనించాడు. ఎడమ చక్రం ఐదు. కుడి చక్రం ఒకటి.

"ఈ ముదనష్టపు గేజ్ సరిగ్గా ఇవ్వాళే పాడవ్వాలా!" అని నన్ను తుక్కు డ్రమ్ములోకి విసరబోయాడు. మనుషులంతే. అద్దంలో మొహం బాగాలేకపోతే అద్దాన్నే తిడతారు.

"ఆగు మావయ్యా," హైమ కారు దిగింది. "గేజ్ అదే, చక్రాలూ అవే. మారింది కారు మొహం ఒక్కటే కదా. అత్తా, ఆ చెంబు ఇలా ఇవ్వు."

చెంబులో నీళ్లు నేల మీద పోసింది. నీళ్లు ఎవరినీ అడక్కుండా తిన్నగా, ఇప్పుడు కారుకి కుడి పక్కనున్న కాలవలోకి పోయాయి.

నాగభూషణం నన్ను విసరబోయిన చెయ్యి దించాడు. "అయితే పోయినేడు నీ చెయ్యి విరగ్గొట్టింది నేనేనా అమ్మడూ?"

"రేకు ముక్కలు తీసుకురా మావయ్యా. లారీ వెళ్లిపోతుంది," అంది హైమ.

వాలు పక్క చక్రాల కింద రేకులు పేర్చి, కారుని సమం చేసి, కొలతలన్నీ మొదటినుంచి పట్టారు. ఇదంతా తూర్పు మహిమేనని సుశీలమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. కాదనే హక్కు నాకు లేదు.

పోటీ రోజు నాగభూషణం ఆ మలుపు కంచె దగ్గర నన్ను గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. ఆయన అరచేతి చెమటకి తడిసిపోయాను. హైమ కారు దూసుకొచ్చింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను చూశాను. కారు తూలింది, కుడి టైరు కీచుమంది, రోడ్డుని పట్టుకుంది, ముక్కు తిరిగింది. ఇంజను మోత ఆగకుండా దూరమైపోతుంటే ఆయన కళ్లు తెరిచాడు. గుప్పిట కూడా తెరుచుకుంది. నేను కాంక్రీటు మీద పడ్డాను. గాజు పగిలింది, నూనె కారిపోయింది.

రేసు అయ్యాక హైమ హెల్మెట్ తీసి పరుగున వచ్చింది. "ఏంటి మావయ్యా, ఏడుస్తున్నావా?"

"గేజ్ పగిలిపోయిందే," అన్నాడాయన వెక్కుతూ.

ఇప్పుడు నేను ఆ షెడ్డులోనే తుక్కు డ్రమ్ములో ఉన్నాను. ఆ ఏడుపు నాకోసం కాదని నాకు తెలుసు, అయినా ఆ అబద్ధమంటే నాకు ప్రాణం.