తాగని చాయ్

సభలో ఒక మాటకు ఒప్పుకుంటే ఇచ్చింది తాగుతారు, ఒప్పుకోకపోతే ముట్టకుండా లేచిపోతారు. బూర్గంపాడు అవతల అడవిలో ఉన్న ఆ కోయగూడెంలో తాతలనాటి నుంచీ అంతే. ఇంటికొచ్చినవాణ్ణి మొహం మీద వద్దనడం మర్యాద కాదు. ఊరిపెద్ద పగిడయ్యకు ఇంతకంటే గట్టిగా వద్దనడం ఎట్లాగో తెలియదు.

గూడెం వెనక గుట్ట కింద బొగ్గుందట. గుట్ట మొదట్లో చనిపోయినవాళ్ళ పేర నిలబెట్టిన రాళ్ళున్నాయి, అందులో పగిడయ్య తల్లి రాయి ఒకటి. గుట్ట తవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాలట, చట్టం అట్లా చెబుతుందట. ఎంత గొప్ప చట్టం! ఆఫీసరు రవికుమార్ జీపులో వచ్చాడు, వెంట చాయ్ డబ్బా, బిస్కెట్లూ వచ్చాయి. రోడ్డు, దవాఖానా, కొలువులు అంటూ ఊదరగొట్టి, "ఎవరికన్నా అభ్యంతరం ఉంటే చెప్పున్రి" అన్నాడు.

పగిడయ్య కోడలు జోగమ్మ దిగ్గున లేచింది. "సార్, ఆ గుట్ట..."

"కూసో బిడ్డా," అన్నాడు పగిడయ్య. "వచ్చినోళ్ళ మీద నోరు జేస్తమా? మన తీరుగ మనం చెబుదాం."

జోగమ్మ పళ్ళు బిగబట్టి కూర్చుంది. గ్లాసులు చేతికందాయి. అందరూ పగిడయ్య వైపు చూశారు. ఆయన గ్లాసు నేలమీద పెట్టి లేచాడు. వెనకే గూడెమంతా లేచింది. చిన్నపిల్లలు సైతం బిస్కెట్టు ముట్టలేదంటే నమ్మండి. సర్కారుకు ఎదురుచెప్పానని ముసలాయన ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు, పిచ్చి మారాజు.

వానలు వెనకబట్టాక యంత్రాలు వచ్చాయి. పగిడయ్య రొప్పుతూ వెళ్ళి రవికుమార్ జీపుకు అడ్డం నిలబడ్డాడు.

"మేం వద్దన్నం గద సార్. ఒక్కరం గూడ చాయ్ తాగలే."

ఆఫీసరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"చాయ్ తాగకుంటే ఏంది పెద్దాయనా? అభ్యంతరం ఉందా అని అడిగిన గద. ఒక్కరు గూడ ఉందనలే, వద్దనలే. అందరు ఒప్పుకున్నరని రాసి పంపినం, పైన మంజూరైంది. ఇగ నా చేతుల ఏం లేదు."

పగిడయ్య సర్కారును నోరారా తిట్టాలనుకున్నాడు గానీ, కూసో బిడ్డా అన్న తన మాటే అడ్డొచ్చింది. ఆ పిల్ల నోరు నొక్కింది తానే.

ఇప్పచెట్లు కూలుతున్నాయి. యంత్రం రాళ్ళవైపు తిరిగింది. పగిడయ్య దానికి ఎదురుగా నిలబడి, వెనకే వచ్చిన కోడలి వైపు చూశాడు.

"జోగమ్మా, ఇప్పుడు చెప్పు బిడ్డా. గట్టిగ చెప్పు. నేనేమనను."

జోగమ్మ యంత్రం వైపు చూసింది, అది ఆగలేదు. తర్వాత చేయి పట్టుకుని, ముసలాయన్ని యంత్రం దారిలోంచి పక్కకు తప్పించింది.