రెండోసారి వాగు దాటడం

దేవుడు ఒకరి మొర ఆలకించాడంటే పక్కనున్న ఇంకొకరి మొర తోసేశాడనేనా? ఈ అనుమానం చాలా ఏళ్ళుగా నాతోనే ఉంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకోవడానికి కళ్ళు మూసుకోగానే ముందుగా ఇదే వచ్చి కూర్చుంటుంది. పెద్దవాళ్ళనెవరినైనా అడుగుదామంటే భక్తి సన్నగిల్లిందనుకుంటారేమోనని నోరు మెదపలేదు. మా బామ్మర్ది యుద్ధానికి వెళ్ళినప్పుడు వాడు క్షేమంగా తిరిగి రావాలని నేనూ నా భార్యా మొక్కుకోని రోజు లేదు. వాడు వచ్చాడు. వాడి పక్కనే ఉన్న పొడుగోడు రాలేదు. అతని తల్లి కూడా మొక్కుకునే ఉంటుంది కదా.

పొడుగోడు అన్నది పటాలంలో పెట్టిన పేరు. మా ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. వాగు దాటి వెనక్కి వచ్చేయమని ఆర్డరు వచ్చిన పూట అతని తొడలో తూటా దిగింది. ఎత్తుకుందామని బామ్మర్ది వంగబోతే వెనకనుంచి మేజరుగారు "వదిలెయ్! వెనక్కి!" అని అరిచారట. వదిలేసి వచ్చాడు. ఈ నాలుగు మాటలు మాకు చెప్పడానికే వాడికి ఏళ్ళు పట్టింది. చెప్పాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పాల డిపోలో పని చేసుకుంటూ మా ఇంటి వెనక గదిలో ఉంటున్నాడు.

అలాంటివాణ్ణి వెతుక్కుంటూ ఒక డైరెక్టరు వచ్చాడు. ఆ వాగు దగ్గర జరిగిన యుద్ధం మీదే సినిమా తీస్తున్నాడు. అందులో నటులెవరూ ఉండరట. ఆ రోజు అక్కడున్న సైనికులే తెరమీదా కనిపించాలట.

"నటులకి భయం నేర్పించాలండీ. మీకు ఆ అవసరం లేదు. ఆ రోజు ఏం చేశారో అదే చేయండి, చాలు" అన్నాడు.

బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు.

"మీరు రాకపోతే ఆ పొడుగాయన కథ మొత్తం తీసేయాలి. ఆయన దగ్గర చివరిదాకా ఉన్నది మీరొక్కరే" అన్నాడు డైరెక్టరు లేవబోతూ.

బామ్మర్ది అప్పుడు ఒప్పుకున్నాడు.

"మీరూ వాడితో వెళ్ళండి" అంది నా భార్య.

"నేనెళ్ళి ఏం చేస్తానే? వడ్రంగిని. డాక్టర్నా?"

"ఏమీ చేయొద్దు. వాడికి కనబడేచోట కూర్చోండి."

దుకాణం మూసి వెళ్ళాను. ఊరి బయట మూతపడిన ఇటుకబట్టీ పక్కన కాలువ ఉంది. దాన్నే వాగు చేశారు. చెక్క చట్రాలకి గోనెపట్టా చుట్టి, పైన సున్నం మెత్తి, బండరాళ్ళు తయారుచేశారు. వేలి కణుపుతో కొట్టి చూస్తే డొల్లగా మోగాయి. తుపాకులు కూడా చెక్కవే. మేజరుగారు జుట్టుకి నల్లరంగు వేయించుకుని కూర్చున్నారు. పొడుగోడి వేషం పటాలం వంటాయనకి ఇచ్చారు, అంత ఎత్తున్నవాడు ఇంకెవరూ లేకపోవడంతో.

బామ్మర్దికి యూనిఫారం తొడిగితే నడుం దగ్గర గుండీ పట్టలేదు.

"శత్రువుకి దొరక్కుండా వచ్చి మా అక్క వంటకి దొరికిపోయాను బావా" అన్నాడు పొట్ట లోపలికి లాగుతూ.

"నువ్వు మొన్న దొరికావురా. నేను దొరికి పాతికేళ్ళు" అన్నాను.

నవ్వాడు. వాడు నవ్వితే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

షాటు మొదలైంది. పొగ వదిలారు. వంటాయన కాలు పట్టుకుని గట్టుమీద పడ్డాడు. మేజరుగారు కాగితంలో ఉన్న మాట చదివినట్టు చెప్పారు. బామ్మర్ది పరుగెత్తుకొచ్చి, అతన్ని దాటిపోవాలి. దాటలేదు. ఆగి, చంకల్లో చేతులు వేసి ఈడ్చుకుపోసాగాడు.

"కట్!" అన్నాడు డైరెక్టరు. "వదిలేసి వెళ్ళాలి సార్. మళ్ళీ చేద్దాం."

మళ్ళీ చేశారు. మళ్ళీ అదే చోట వాడి కాళ్ళు ఆగిపోయాయి. ఈసారి వంటాయన కాలర్ చిరిగింది. ఇంకోసారి చేస్తే అతని బూటు ఊడి నీళ్ళలో పడింది.

"ఒరేయ్, పొద్దున్నించీ చస్తూనే ఉన్నాను, ఒక్కడూ టీ పోయలేదు. ఈసారైనా నన్ను ప్రశాంతంగా పోనీ" అన్నాడు వంటాయన. అందరూ నవ్వారు. బామ్మర్దీ నవ్వబోయాడుగానీ పెదవులు వంకరపోయి ఆగిపోయాయి.

డైరెక్టరు నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"మీ మాట వింటారంట కదండీ, ఒకసారి చెప్పండి. కాలువ ఈ ఒక్కరోజే ఇచ్చారు. ఇప్పుడు కాకపోతే ఈ సీను ఎత్తేయాల్సిందే."

నేను వెళ్ళి బామ్మర్ది భుజంమీద చెయ్యి వేశాను.

"ఒక్కసారి దాటేయరా. ఇంటికెళ్ళిపోదాం."

"దాటాలనే పరుగెడుతున్నా బావా. కాళ్ళు నా మాట వినట్లేదు." కాసేపు బూట్లకేసి చూసుకున్నాడు. "ఆ రోజు వినకుండా ఉండాల్సినవి."

"పోనీ, మానేద్దామా?"

"మానేస్తే వాడు సినిమాలో ఉండడు. ఇంకెక్కడా ఉండడు. వాళ్ళమ్మ కూడా పోయింది."

తిరిగొచ్చి నా చోట కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఏం కోరుకోను? షాటు కుదరాలంటే, వాడు స్నేహితుణ్ణి మళ్ళీ వదిలేయాలని కోరుకున్నట్టే. కుదరకూడదంటే, పొడుగోడు అనేవాడు ఉన్నాడని ఎవరికీ తెలియకూడదని కోరుకున్నట్టు. ఏదీ నోటికి రాలేదు. చివరికి, "తొందరగా అయిపోనీ స్వామీ" అని మాత్రం అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి డైరెక్టరు మేజరుగారి చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆయన మొదట వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డారు.

పొగ లేచింది. వంటాయన పడ్డాడు. బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు, అక్కడే ఆగాడు, వంగబోయాడు.

"వదిలెయ్! వెనక్కి!"

ఆ గొంతు అంతకుముందు మేం విన్నది కాదు. టీ తాగుతున్న ఇద్దరు పాత సైనికులు గ్లాసులు వదిలేసి నిటారుగా నిలబడ్డారు. బామ్మర్ది వీపు బిగుసుకుంది. వంగినవాడు వంగినట్టే పక్కకి తిరిగి, వంటాయన్ని దాటి, నీళ్ళలో పడి లేస్తూ అవతలి గట్టుకి పరుగెత్తాడు. వెనక్కి చూడలేదు.

"ఓకే!" అని కేక వేశాడు డైరెక్టరు. అతని కళ్ళల్లో నీళ్ళు. అందరూ చప్పట్లు కొట్టారు. మేజరుగారొక్కరే తల దించుకుని కుర్చీలో కూలబడ్డారు. నేను కోరుకున్నట్టే తొందరగా అయిపోయింది. నా మొక్కులన్నీ ఇలా ఎందుకు తీరుతాయో నాకు అర్థం కాదు.

నేను నీళ్ళసీసా పట్టుకుని అవతలి గట్టుకి వెళ్ళాను.

"మళ్ళీ చేశానా బావా?"

"సినిమారా."

"అవును. సినిమా."

సీసా మూత తీసి ఇచ్చాను. తాగకుండా చేతిలో పట్టుకు కూర్చున్నాడు.

భోజనాలకి పిలిచారు. వంటాయన బట్టలు దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాతి షాటు దూరంనుంచి కాబట్టి, అతను పడ్డచోట యూనిఫారం తొడిగిన గుడ్డబొమ్మను పడుకోబెట్టారు. బామ్మర్ది లేచాడు. నీళ్ళు దాటి వెళ్ళి, చెక్క తుపాకీ భుజాన పెట్టుకుని, ఆ బొమ్మ తలవైపు నిలబడ్డాడు.

"తిందువుగాని రారా."

"నువ్వు తిను బావా. వాడికి తూటా తగలడానికి ముందురోజు నాకు జ్వరమొస్తే నా కాపలా వంతు కూడా వాడే నిలబడ్డాడు. రేపు నీ వంతు నేను నిలబడతాలేరా అన్నాను. నువ్వా, నిలబడినట్టే అని వెక్కిరించాడు. ఆ రేపే ఇది."

"ఎంతసేపురా?"

"ఒక వంతు. పటాలంవాడెవడైనా వచ్చి దింపేదాకా కదలకూడదు."

నేను పటాలంవాణ్ణి కాదు. దింపలేను. అలాగని వదిలి వెళ్ళి అన్నం తినలేను. పక్కనున్న డొల్లబండమీద కూర్చున్నాను. ఎండ నెత్తిమీదనుంచి భుజంమీదకి దిగింది. బొమ్మను జరపడానికి ఒకతను వచ్చాడు. బామ్మర్ది అడ్డం నిలబడ్డాడు. అతను నావైపు చూస్తే చేతులు జోడించాను. ఏమనుకున్నాడో, వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి వంటాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బొమ్మను చూశాడు, బామ్మర్దిని చూశాడు. నన్నేమీ అడగలేదు. చొక్కా గుండీలు పెట్టుకుని, ఎదురుగా వచ్చి మడమలు కలిపి నిలబడ్డాడు.

"వంతు అయిపోయింది. దిగు."

బామ్మర్ది ఒక ఊపిరి తీసుకున్నాడు.

"తిన్నావా?"

"ఏం తినడం! అన్నం పలుకు. నేను పోయాక ఎవడికీ వంట రావట్లేదు."

బామ్మర్ది తుపాకీ భుజంనుంచి దించి అతని చేతుల్లో పెట్టాడు.

"ఇదొక్కటే తీరింది బావా" అన్నాడు.