డాంపర్‌కి హారతి

ఉదయగిరి పీర్ మహమ్మద్ చేతిలో పడ్డ రేకు ఊరికే ఉండదు. పెట్టె అవుతుంది, గరాటు అవుతుంది, కాకపోతే కిరసనాయిలు డబ్బా అన్నా అవుతుంది. చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా ట్రంకుపెట్టె ఆయనదే. ఇంత చేసినా ఆయనకో దిగులు ఉండేది. పెట్టె మూత మీద పెళ్లికూతురి పేరు రంగులతో రాయిస్తారు, చేసినవాడి పేరు ఎవడు రాయిస్తాడు? జనానికి ఆయన ఉత్త డబ్బాల సాయిబు. బిర్యానీ ముందు కూర్చున్నా ఈ బాధ ఆయన్ని వదిలేది కాదు.

అలాంటి మనిషికి ఆత్మకూరు నుంచి వెంగయ్య కబురు పెట్టాడు. వెంగయ్య కొత్త సినిమా హాలు కడుతున్నాడు. నెల్లూరు వాళ్లకు ఉన్న చల్లగాలి ఆత్మకూరు వాళ్లకు ఎందుకు ఉండకూడదని పట్టుబట్టి, తెర పక్క గదిలో పెద్ద కూలింగ్ మిషను దించాడు. అక్కడి నుంచి గోడ గుండా హాలు కప్పు కిందికి మనిషి పాకేంత రేకు గొట్టం, అంటే డక్టు, వేయాలి.

"పీరన్నా, ఫైర్ ఆఫీసరు వచ్చిన మొదటిసారే సరే అన్నాడనుకో, గేటు పక్క గోడ మీద నీ పేరు రాయిస్తాను. హీరోయిన్ బొమ్మంత అక్షరాలు!" అన్నాడు వెంగయ్య.

"మొదటిసారి కాకపోతే?"

"కాకపోతే ఆడ హీరోయిన్ బొమ్మే."

పీర్ మహమ్మద్ బేరం కూడా సరిగా ఆడలేదు. ఒక్క అతుకు కనపడకుండా, మిషను ఊదితే బయటున్న చీమకు కూడా గాలి తగలకుండా డక్టు కట్టాడు. లోపల రెండు గేదెలు పడుకోవచ్చని అందరికీ చెప్పుకున్నాడు.

అయితే ఆఫీసరు చూసేది డక్టును కాదు, గోడ దగ్గర అందులో బిగించే ఫైర్ డాంపర్‌ని. అదొక ఇనుప రెక్క. మూసేద్దామని స్ప్రింగు దాన్ని లాగుతూ ఉంటుంది, మూసుకోకుండా ఒక చిన్న లోహపు బిళ్ల పట్టుకుని ఉంటుంది. ఆ బిళ్ల టీ మరిగేంత వేడి రాకముందే కరుగుతుంది. మిషను గదిలో మంట లేస్తే బిళ్ల కరిగి, రెక్క దభేలున మూసుకుని, పొగ హాల్లోకి రాకుండా ఆపుతుంది. మద్రాసు నుంచి డాంపర్‌తో పాటు గుప్పెడు బిళ్లలు అదనంగా వచ్చాయి.

ఆ గుప్పెడూ ఏమయ్యాయో ఉదయగిరి బస్టాండులో ఎవర్ని అడిగినా చెబుతారు. గోడెక్కబోయే పేరుకు ముందుగా ప్రచారం కావాలి గదా. పీర్ మహమ్మద్ డాంపర్‌ని టీ బంకు బల్ల మీద పెట్టి, వచ్చే ప్రతి బస్సు జనానికీ కొవ్వొత్తి వెలిగించి చూపించాడు. దభేల్! జనం ఉలిక్కిపడ్డారు, చప్పట్లు కొట్టారు. దుత్తలూరు బస్సు వాళ్లయితే రెండోసారి అడిగి మరీ చూశారు.

"అన్నీ కరగబెట్టుకుంటే రేపటికి ఏం జేస్తావయ్యా?" అని ఆయన భార్య జైతూన్‌బీ మొత్తుకుంది.

"డాంపర్‌కి ఒకటి చాల్లేవే. ఆ ఒకటి దాచినాను," అన్నాడు ఈ మహానుభావుడు.

ఆ ఒక్కటీ బిగించి, నిప్పుతో దాని దగ్గరికి ఎవరూ పోకూడదని వెంగయ్యకు గట్టిగా చెప్పాడు. వెంగయ్య ఇంట్లో చెప్పాడు. చెప్పడం ఆయన వంతు, వినడం ఎవరి వంతో ఆ ఇంట్లో ఎప్పుడూ తేలలేదు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే వెంగయ్య భార్య చెంచులక్ష్మి కొబ్బరికాయ, కర్పూరం పట్టుకుని హాలుకు వచ్చింది. కొత్త మిషనుకు హారతి ఇవ్వకుండా స్విచ్చి వేస్తారా ఎక్కడైనా? ప్రొజెక్టరుకు ఇచ్చింది, జనరేటరుకు ఇచ్చింది, సోడాల ఫ్రిజ్జుకు ఇచ్చింది. చివరికి మిషను గదిలోకి వచ్చి పైకి చూసింది. అన్నిటికీ ఇచ్చి డాంపర్ ఒక్కదాన్ని చిన్నబుచ్చడం ఆమెకు మనసొప్పలేదు. నిచ్చెన ఎక్కి, డక్టుకున్న చిన్న తలుపు తీసి, కళ్లు మూసుకుని, నిదానంగా, భక్తిగా తిప్పింది.

దభేల్!

హారతి పళ్లెం ఒక మూలకు, గంట ఒక మూలకు ఎగిరాయి. పీర్ మహమ్మద్ పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నిచ్చెన మీదే నెత్తి నిండా కుంకంతో కూర్చుని ఉంది.

"పీరన్నా, దేవుడు ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" అంది.

పీర్ మహమ్మద్‌కు ఏడుపొచ్చింది. డాంపర్ చక్కగా పనిచేసింది, కానీ చూడాల్సినవాడు ఇంకా నెల్లూరు బస్సులోనే ఉన్నాడు. తీగ కట్టి రెక్కను ఆపితే కరగదు. దారం కడితే కనపడుతుంది. కళ్ల ముందు గోడ మీద పేరు ఒక్కో అక్షరం చెరిగిపోతోంది. అక్కడ పుట్టింది ఆయనకు ఆ వెధవ ఆలోచన. హాలు వైపు డక్టు కొసకు ఇంకా ఇనుప జాలీ బిగించలేదు. అందులోంచి లోపలికి పాకి, రెక్కను తెరిచి వెనకనుంచి వేళ్లతో పట్టుకుని, ఆఫీసరు మంట పెట్టగానే వదిలేస్తే సరి!

గేదెలు పట్టే సంగతేమో గానీ పీర్ మహమ్మద్ పొట్ట మాత్రం కష్టంగా పట్టింది. ఊపిరి బిగించి, మోచేతులతో దేక్కుంటూ పోయి రెక్క పట్టుకున్నాడు. అంతలో ఫైర్ ఆఫీసరు సురేంద్రబాబు గొంతు వినబడింది. నిచ్చెన కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు లోపలికి పడి, ఒకచోట ఆగింది.

"బాగుండాది. కానీ వెంగయ్యా, మంట లేనప్పుడు ఇది ఎంతసేపు తెరుచుకుని ఉంటదో చూడాల. టీ తెప్పించు," అన్నాడు ఆఫీసరు.

టీ వచ్చింది. తర్వాత మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఆ వాసనకు పీర్ మహమ్మద్ నోట్లో నీళ్లూరాయి. జలదంకిలో తన మామగారు వేయించిన బోరు ఎందుకు పడలేదో సురేంద్రబాబు మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాడు. స్ప్రింగు లాగుతోంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, భుజం వణికింది. బోరు కథలో ఇంకా రాయి కూడా తగల్లేదు. ఆయన తనకు తెలిసిన దువాలన్నీ చదివేశాడు.

చివరికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది. హమ్మయ్య అని రెక్క వదిలేశాడు. దభేల్!

"నేను సిగిరెట్ ముట్టించుకుందామని గీసినాను గదా," అన్నాడు ఆఫీసరు కింద నుంచి. "ఇంకా మళ్లీ నిచ్చెనే ఎక్కలా. ఇంత తెలివైన డాంపర్ని నా సర్వీసులో చూళ్లా. పైగా దీనికి నాలుగు వేళ్లు, వెండి ఉంగరం కూడా ఉండాయి. బయటికి రా, పెద్దాయనా."

"రాలేను సార్," అంది డక్టు. "ఇరుక్కుపోయినాను."

"నిజంగా మంట వచ్చుంటే ఏం చేసేవాడివి?"

"ఏం చేస్తాను సార్? ఈడ్నే ఉంటాను. యాడికి పోతాను?"

సురేంద్రబాబు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. కాళ్లు పట్టి లాగారు, రాలేదు. వేరుశనగ నూనె పోశారు, లుంగీ ఒక్కటే వచ్చింది. ఇక రేకు కొయ్యాల్సిందే అన్నారు.

"కొయ్యొద్దు సార్! ఒక్క అతుకు లేకుండా కట్టినాను. నన్ను ఇట్నే ఉండనీండి!" అని పీర్ మహమ్మద్ లోపల్నుంచి బతిమాలాడు.

మొగుడి పేరు గోడెక్కే సంబరం చూద్దామని అప్పుడే ఉదయగిరి బస్సు దిగి వచ్చింది జైతూన్‌బీ. హాలు కప్పు కింద రేకులోంచి వేలాడుతున్న రెండు పాదాలను చూడగానే గుర్తుపట్టింది.

"కొయ్యండి సార్," అంది. "మీరు కొయ్యకపోతే కత్తెర నాకియ్యండి. రేకు పోతే మళ్లీ తెచ్చుకుంటాం. ఈ మనిషి పోతే నాకెవురు తెచ్చిస్తారు?"

తెర పక్కనే, అందరి కళ్లూ పడేచోట నిలువునా కోసి, నూనె కారుతున్న పీర్ మహమ్మద్‌ను కిందికి దించారు.

మద్రాసు నుంచి కొత్త బిళ్లలు వచ్చాక ఆఫీసరు మళ్లీ వచ్చాడు, కొవ్వొత్తి పెట్టి చూశాడు, సంతకం చేశాడు. మొదటిసారి కాదు గనక గోడ మీద హీరోయినే పడింది. కోసినచోట పీర్ మహమ్మద్ తనే అతుకు వేశాడు. అదే రకం రేకు దొరక్క ఆ అతుకు తళతళా వేరేగా మెరిసేది. దాన్ని చూడలేక చాన్నాళ్లు ఆ హాలు గడప తొక్కలేదు.

ఒక ఆదివారం జైతూన్‌బీ పోరు పడలేక మ్యాట్నీకి వచ్చాడు. తల దించుకునే కూర్చున్నాడు. ఇంటర్వెల్లో దీపాలు వెలగ్గానే ముందు బెంచీలో దుత్తలూరు మనిషొకడు వేలెత్తి చూపించాడు.

"ఆ అతుకేందిరా ఆడ?"

"తెలీదా? అది పీర్ మహమ్మద్ అతుకు. ఉదయగిరి పీర్ మహమ్మద్ ఇరుక్కున్న చోటు," అన్నాడు పక్కనున్న చేజర్ల మనిషి. "ఈడికొచ్చిన ప్రతివోడూ సినిమా కన్నా ముందు దాన్నే చూస్తాడు."

డబ్బాల సాయిబు అనలేదు. పేరు పెట్టి, ఊరు పెట్టి చెప్పాడు. పీర్ మహమ్మద్‌కు గుండె నిండిపోయింది. జైతూన్‌బీ చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా లేచి నిలబడ్డాడు.

"ఆ పీర్ మహమ్మద్‌ని నేనే," అన్నాడు.

చేజర్ల మనిషి వెనక్కి తిరిగి, కిందినుంచి పైదాకా చూసి పెదవి విరిచాడు. "పో సాయిబూ. ఆయన ఇంకా లావంట గదా."

"లావే! ఇప్పుడు చిక్కినాను గానీ అప్పుడు ఇంకా లావు!" అన్నాడు పీర్ మహమ్మద్, జీవితంలో మొదటిసారి తన పొట్ట గురించి గొప్పలు చెప్పుకుంటూ.