ఎర్ర దారం గుర్తు

ఆమె భర్త పోయాక ఆ పడవను ఎవరూ నీళ్ళలోకి దింపలేదు. చలికాలమంతా ఒడ్డున రేకుల కొట్టంలో టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. ఎండలు మొదలవుతుండగా వదిన వచ్చి ఏదో ఒకటి తేల్చమంది. వదినంటే ఆయన అక్క. పడవలో సగం ఆవిడదే, తమ్ముడికి తెరచాప పట్టడం నేర్పిందీ ఆవిడే. మోకాళ్ళు మొరాయించాక పడవెక్కడం మానేసింది కానీ, నోరు మాత్రం ఇంతవరకూ మొరాయించలేదు.

పడవ నడపడం నేర్పే బడికి ఇచ్చేద్దామని వదిన మాట. ఆయన చొక్కాలు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసిన ఆమె మాత్రం, పడవ దగ్గరకొచ్చేసరికి మొండికేసింది. ఉంచితే తనే నడుపుతానంది. పడవ ముందువైపు తెరచాప ఇన్నేళ్ళూ తన చేతిలోనే ఉండేదని గుర్తు చేసింది.

"సరే, ఈ ఒక్కసారికి చుక్కాని నేను పడతాను. గాలికి ఎదురెక్కి ఆ రాతి మీది దీపస్తంభం దాకా తీసుకెళ్ళు. వెళ్ళగలిగితే పడవ నీది. లేకపోతే ఇచ్చేద్దాం. ఇంట్లో ఒకడు పోయాడు, చాలు" అంది వదిన.

ఆ ఆదివారం ఉదయం గాలి గట్టిగానే ఉంది. ముందు తెరచాప కొక్కేలను ఆమె కింది నుంచి ఒక్కొక్కటే తీగకు తగిలించింది. అంచు మీది ముడతలు పోయేదాకా చాపను పైకెత్తే తాడు లాగి కట్టింది. చాప మూలనున్న రెండు తాళ్ళను చెరో పక్క కప్పీలోంచి దూర్చి, చివర జారిపోకుండా ముడులు వేసింది. చేతులకు అన్నీ గుర్తున్నాయి. తాళ్ళ మీద ఆయన కుట్టిన ఎర్ర దారం గుర్తులూ అలాగే ఉన్నాయి. ఆ గుర్తు, తాడును జారకుండా పట్టే బిగింపు పళ్ళ దగ్గరికొచ్చేదాకా లాగి ఆపాలి. ఆమెకు తెలిసిన విద్యంతా అదే, ఎప్పుడూ తప్పు పోలేదు. పడవ సూటిగా గాలిని కోసుకుంటూ పోతుంటే, "నీ చేతిలో తూకం ఉందే" అనేవాడు ఆయన. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే చేతులకు ఆ మాట పండగలా ఉండేది.

ఒడ్డు దాటారు. ఆమె తాడు లాగి, ఎర్ర దారం దగ్గర ఆపింది. చాప ముందు అంచు టపటపా కొట్టుకుంది. పడవ ముందుకు పోకుండా పక్కకు జారింది. తిప్పి రెండో వైపు లాగినా అదే తంతు. దీపస్తంభం దగ్గరపడలేదు సరికదా, ఇంకాస్త దూరం జరిగినట్టనిపించింది.

దేన్ని చూసి లాగుతున్నావని వదిన అడిగింది. ఆమె దారం చూపించింది.

"ఊరందరి చూపూ సరిచేస్తావు, నీ ముందున్న చాప నీకు కనపడదా? ఆ ఊలు పోగులు చూడు, రెండూ ఒకేలా వెనక్కి సాగాలి."

చాపకు రెండు వైపులా అతికించిన ఊలు పోగులను అలంకారమనుకోలేదు గానీ, అవి ఆయన చూసుకునేవిలే అని ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు బయటిది నిటారుగా వెనక్కి సాగుతోంది. లోపలిది పైకి లేచి గిలగిలా కొట్టుకుంటోంది.

వదిన ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో తాడందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఎర్ర దారానికి అటూ ఇటూ జానెడు మేర వరసగా సూది పొడిచిన చిల్లులు, ఒకటి రెండు చోట్ల తెగిన ఎర్ర నూగు. ఆవిడ బొటనవేలితో వాటిని తడిమింది.

"ఇది పోయినసారి గాలికి కుట్టిన గుర్తమ్మా" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. "మెత్తటి గాలికి. ఇవాళ్టికి పనికిరాదు. గాలి మారినప్పుడల్లా విప్పి కొత్తచోట కుట్టాడు వాడు, నీకు నేర్పలేదు. నువ్వు తప్పు చేయకుండా చూసుకున్నాడు."

ఆమెకు ఒడ్డు మీది ప్రతి ఉదయమూ కళ్ళ ముందుకొచ్చింది. తను నీళ్ళ సీసాలూ టిఫిన్ డబ్బా సర్దుతుంటే, ఆయన ఓసారి గాలి వైపు చూసి సూదీ దారం తీసేవాడు. అడిగితే తాడు పోగులు లేస్తున్నాయనేవాడు. "దర్జీగారూ, నా జాకెట్టుకు కూడా నాలుగు కుట్లు వేయండి" అని తను ఏడిపించేది. ఆయన నవ్వి దారం కొరికేవాడు.

అంటే ఆ తూకం తన చేతిలో ఎన్నడూ లేదు. ఆమెకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక వదిన చేతిలోంచి తాడు లాక్కుంది.

"లాగు" అంది వదిన.

దారాన్ని చూడటం మానేసి లాగింది. గుర్తు బిగింపు దాటి లోపలికొచ్చేసింది. లోపలి పోగు సర్దుకుంది కానీ, బయటిది వాలిపోయింది. మరీ ఎక్కువైంది. కొంచెం వదిలింది. మళ్ళీ లాగింది. అరచేతులు మండాయి. ఒక్కో గాలివిసురుకూ లాగడం, వదలడం, మెడ నొప్పెట్టేలా పైకి చూడటం. ఎప్పటికో రెండు పోగులూ కలిసి సాగాయి. టపటప ఆగిపోయి, పడవ కింద నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించింది.

దీపస్తంభాన్ని తాకేంత దగ్గరగా చుట్టివచ్చారు. అలవాటు కొద్దీ ఆమె వెనక్కి తిరిగి చూసింది, తూకం ఉందే అనే ఆ మాట కోసం. చుక్కాని దగ్గర వదిన ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఉప్పునీళ్ళు పడ్డాయంది.

ఒడ్డుకొచ్చాక చాప మడిచి సంచిలో పెట్టారు. పడవ నీదేలే అన్నట్టు కొట్టం తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది వదిన. తర్వాత పడవలోని ఆయన పెట్టెలోంచి చిన్న కత్తెర తీసి, ఆ గుర్తు కత్తిరించేయమంది. ఉంటే మళ్ళీ దాన్నే చూస్తావంది.

ఆమె తాడు చుట్ట చుడుతూ, ఎర్ర దారం వేళ్ళ కిందికి వచ్చినచోట ఆగింది.

"ఉండనివ్వండి వదినా. ఆయనతో వెళ్ళిన ఆఖరి రోజు గాలి మెత్తగా ఉందని చెబుతుంది కదా."

వదిన కత్తెరను పెట్టెలో, ఎర్ర దారపు ఉండ పక్కనే పెట్టేసింది.