నాలుగింట మూడు

"మేస్త్రిగారూ! బొటనవేలు పైకెత్తండి!"

డాక్టరు వంగి, గొంతు పెంచి చెప్పాడు. మంచం మీద మేస్త్రి కళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ, అవి పైకప్పును చూస్తున్నాయో, ఏమీ చూడటం లేదో దేవుడికే తెలియాలి. వేలు కదల్లేదు. డాక్టరు మళ్లీ అడిగాడు. మూడోసారి, నాలుగోసారి కూడా అడిగాడు. దుప్పటి మీద ఆ చెయ్యి ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది.

"పొద్దున ఎత్తారండీ," అంది మేస్త్రి భార్య. "ఏడింటికి ఎత్తారు. నా కళ్లారా చూశాను."

"నేనూ చూశాను," అంది మంచానికి అవతల నిలబడ్డ ఆడపడుచు. "వాడు నా తమ్ముడు. నేనడిగితే ఎత్తకుండా ఉంటాడా?"

డాక్టరు జేబులోంచి పెన్ను తీసి మేస్త్రి వేలిగోరు మీద అడ్డంగా పెట్టి నొక్కాడు. చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది.

"అదిగో, కదిలించాడు!" అంది ఆడపడుచు.

"నొప్పికి లాక్కోవడం వేరమ్మా, చెప్పింది విని చెయ్యడం వేరు." ఆయన కాగితం మీద రాసుకున్నాడు. "తొమ్మిది."

మళ్లీ తొమ్మిదే. వారం రోజులుగా అదే అంకె వినీ వినీ భార్యకు తల ప్రాణం తోకకొస్తోంది.

మేస్త్రి ఇళ్లకు రంగులు వేసేవాడు. ఆరు వారాల కిందట పరంజా మీంచి జారి పడ్డాడు. తలలో గడ్డకట్టిన రక్తం తీసేశారు, ప్రాణం దక్కింది. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ తలలో మనిషి ఏ మాత్రం మేలుకుని ఉన్నాడు? దానికి పదిహేను మార్కుల కాగితం ఒకటుంది. కళ్లకు నాలుగు, మాటకు ఐదు, కదలికకు ఆరు. కళ్లు తనంతట తనే తెరుస్తున్నాడు కాబట్టి నాలుగుకు నాలుగూ వచ్చాయి. ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు కాబట్టి మాటకు ఒకటే. "గొట్టం పెట్టేదీ వాళ్లే, మాట్లాడలేదని మార్కులు కోసేదీ వాళ్లేనా! ఇదెక్కడి న్యాయం?" అని ఆడపడుచు మొదటిరోజే కయ్యానికి దిగింది. ఇక కదలిక. నొప్పికి చెయ్యి లాక్కుంటే నాలుగు, చెప్పిన పని చేస్తే ఆరు.

ఆ రెండు మార్కుల దగ్గరే అంతా ఆగిపోయింది. నాలుగుసార్లు అడిగితే కనీసం మూడుసార్లు వేలెత్తాలి. ఎత్తితే కింది అంతస్తుకు పంపిస్తారు. కూర్చోవడం, మింగడం, మాట్లాడటం మళ్లీ నేర్పే వార్డు అది. అక్కడ ఒక్క మంచం ఖాళీగా ఉంది, శుక్రవారం దాకా ఉంచుతామన్నారు. ఎత్తకపోతే పై అంతస్తు. అక్కడ వేళకు అటూ ఇటూ తిప్పి పడుకోబెడతారు, గొట్టంలో ఆహారం పోస్తారు, అంతే. పైకి వెళ్లినవాళ్లు కిందికి రావడం భార్య ఇంతవరకూ చూడలేదు.

ఆమెకు దేవుడంటే గురి. రోజూ తెల్లవారగానే చేతులు జోడించి అడుగుతుంది. ఆయన ఉలకడు, పలకడు. అయినా వింటున్నాడనే ఆమె నమ్మకం. దేవుడు వింటున్నాడో లేదో చూడటానికి ఎవరూ ఆయన గోరు నొక్కలేదే, మరి ఈ మనిషి దగ్గరే ఇంత సాక్ష్యం ఎందుకు కావాలి?

బుధవారం నాడు నాలుగుకు నాలుగూ మళ్లీ సున్నాలయ్యేసరికి ఆమె ఇక పట్టలేకపోయింది. దిండు కింది నోటుపుస్తకం లాగి డాక్టరు చేతికివ్వబోయింది.

"ఇది చూడండి! అబద్ధాలాడుతున్నామా మేము?"

"ఇంట్లోవాళ్లు ఆశతో చూస్తారమ్మా. అది తప్పని అనను," అంటూ ఆయన పుస్తకం ముట్టుకోకుండానే పక్క మంచానికి వెళ్లిపోయాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకం కిందికి విసిరింది. సెలైను సీసా మారుస్తున్న సిస్టరు వంగి తీసి చూసింది.

"ఈ గీతలేమిటి?"

"ఎత్తితే గీత, ఎత్తకపోతే సున్నా," అంది ఆడపడుచు. "ఆ డాక్టరు మొహాన కొడదామని రాస్తున్నాం సిస్టరమ్మా."

సిస్టరు ఒక పేజీ చూసింది, ఇంకోటి తిప్పింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆరున్నరకు పదిలో ఎనిమిది గీతలు. ఏడింటికి ఆరు. ఎనిమిదింటికి రెండు. తొమ్మిది నుంచి అన్నీ సున్నాలే. రోజూ ఇంతే. డాక్టరు వచ్చేది పదింటికి."

"అందుకే తొమ్మిది నుంచి ఇంకా గట్టిగా చేయిస్తున్నాం," అంది భార్య. "పరీక్ష ముందు మరిచిపోకుండా."

"మొత్తం ఎన్నిసార్లు?"

"వంద తక్కువ కాదు," అంది ఆడపడుచు గర్వంగా.

సిస్టరు తల పట్టుకుంది. "అమ్మా, ఈయనకు ఒక్కసారి వేలెత్తడమంటే మనం బస్తా మోసినంత. పొద్దుటి నుంచి వంద బస్తాలు మోయించి, డాక్టరు రాగానే ఇంకోటి ఎత్తుకోమంటే ఎక్కడెత్తుతాడు? మీరే అలిసిపోయేలా చేస్తున్నారు."

భార్య స్టూలు మీద కూలబడింది. వారం రోజుల సున్నాలు. ఒక్కొక్కటీ తన చేత్తోనే చుట్టింది.

"నేను ముందే అనుకున్నా, ఎక్కువైపోతోందని," అంది ఆడపడుచు మెల్లగా.

"మీరా అనుకుంది వదినా? 'నీకో పది, నాకో పది' అని వాటాలు వేసిందెవరు? నాకంటే మీకే ఎక్కువ ఎత్తాడని మొన్నంతా చెప్పుకు తిరిగిందెవరు?"

"సర్లేవే అమ్మాయ్, వార్డంతా వింటోంది!"

శుక్రవారం ఎనిమిదింటికే మొదట ఈ మంచం దగ్గరికి రావాలని సిస్టరు డాక్టరుతో మాట్లాడి పెట్టింది. ఆ పొద్దున మేస్త్రిని ఎవరూ ఏమీ అడగకూడదు. ఆడపడుచు పెదాలు బిగించి కూర్చుంది. ఆమె ఊరికే కూర్చోవడం పుట్టిన తర్వాత అదే మొదటిసారేమో, మొహం కందగడ్డలా అయింది.

ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. అత్యవసర కేసు వచ్చిందని, డాక్టరు ఆపరేషన్ గదిలో ఉన్నాడని కబురు. తొమ్మిది దాటింది.

అప్పుడు దుప్పటి మీద బొటనవేలు లేచింది.

ఎవరూ అడగలేదు. మేస్త్రి కళ్లు భార్య వైపు తిరిగి ఉన్నాయి. రోజూ ఈ వేళకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి ఇవాళ ఎందుకు నోరు విప్పలేదో అన్నట్టుగా, వేలు దిగి, కాసేపాగి, మళ్లీ లేచింది. ఆమెకు 'ఎత్తకండి, దాచుకోండి, ఇప్పుడు కాదు' అని అరవాలనిపించింది. అరిచినా అది ఇంకో బరువే. లేచి వరండాలోకి వెళ్లి గోడకు నుదురు ఆనించి నిలబడింది. వెనకే వచ్చిన ఆడపడుచు భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరు పదకొండుకు వచ్చాడు, కళ్లు ఎర్రగా, టోపీ తియ్యకుండానే.

"మేస్త్రిగారూ, బొటనవేలు పైకెత్తండి."

చాలాసేపటికి, బావిలోంచి తోడినట్టు, వేలు లేచింది. డాక్టరు నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ లేచింది. మూడోసారికి వేలు వణికింది.

"లేచింది!" అంది భార్య.

"వణికిందమ్మా. లేవలేదు."

నాలుగోసారికి మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"రెండు," అన్నాడు డాక్టరు.

"మీరు రాకముందు రెండుసార్లు ఎత్తారండీ!" భార్య ముందుకొచ్చింది. "ఎనిమిదికి వస్తానని మీరు రాలేదు. అవి మీరు రాకపోబట్టి పోయినవి!"

"అప్పుడు ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. ఆయనంతట ఆయనే ఎత్తారు."

డాక్టరు కాగితం వైపు చూశాడు. "అడక్కుండా ఎత్తితే రాయడానికి ఇందులో గడి లేదమ్మా." ఆ మాట ఆయనకే నచ్చనట్టు కళ్లు నలుముకున్నాడు. "మనిషి వింటున్నాడు. నేనే పొరబడ్డాను. కానీ నాలుగింట మూడు లేకుండా కిందివాళ్లు తీసుకోరు. సోమవారం మళ్లీ చూస్తాను. మంచం అప్పటిదాకా ఆపమని అడుగుతాను. ఆపుతారని మాటివ్వలేను."

"సోమవారం ఎన్నింటికి?"

"ఎనిమిదికి."

"ఇవాళా ఎనిమిదికే అన్నారు."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

"ఈ రెండు రోజులూ ఏమీ చేయించకండి," అంది సిస్టరు. "పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. అడగడం మాత్రం వద్దు."

భార్య మంచం పక్కన కూర్చుంది. 'ఏవండీ, ఇటు చూడండి' అనబోయి ఆగింది. 'వినిపిస్తోందా' అనబోయి మళ్లీ ఆగింది. నోటికొచ్చే ప్రతి మాటా అడిగే మాటే. దేవుడి దగ్గర కూడా ఇన్నాళ్లూ తనది ఇదే వరస కాదూ అనిపించి, ఆమెకు తన మీద తనకే విసుగొచ్చింది.

"ఆ డాక్టరు ఎనిమిదికని చెప్పి పదకొండుకొచ్చాడండీ," అని మొదలుపెట్టింది. "మూడు గంటలు! అడిగితే గడి లేదంటాడు. గీసింది వాళ్లే కదా, ఇంకో గడి గీస్తే కాగితం చిరుగుతుందా? మీ అక్క సంగతి చెప్పక్కర్లేదు. పొద్దుట్నుంచి నోరు మూసుకునేసరికి జ్వరం వచ్చినట్టయింది ఆవిడకి."

"వినపడుతోందే నాకు," అంది ఆడపడుచు.

"వినపడాలనే చెబుతున్నా వదినా."

మేస్త్రి కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడో, వింటున్నాడో ఆమె అడగలేదు. తిట్టడం మాత్రం ఆపలేదు.